కడగని పాత నాణేల మూట: రెండు లాట్లు కొని ఆరు నెలలు కడిగిన తర్వాత

గత సంక్రాంతి దాటాక నేను రెండు మూటలు తెప్పించుకున్నాను. మొదటిది 50 రోమన్ కంచు నాణేలున్న చిన్న పొట్లం. రెండవది కిలో లెక్కన అమ్మిన దక్కను రాగి నాణేల సంచి. రెండింటినీ ‘అన్‌క్లీన్డ్ లాట్’ అనే పేరుతోనే అమ్మారు. మట్టీ చిలుమూ వదిలించకుండా, ఏది ఏ రాజుదో తేల్చకుండా, గుత్తగా ఒక ధర కట్టి అమ్మే సరుకుకు నాణేలు సేకరించేవారిలో వాడుకలో ఉన్న మాట అది. రోమన్ పొట్లానికి నాణేనికి రూ.140 చొప్పున రూ.7,000, రాగి సంచికి రూ.4,200 అయ్యాయి, కొరియర్ ఖర్చు వేరు. నల్లగొండలో మా ఇంటి వరండాలో ఆరు నెలల సాయంత్రాలను వీటికే వెచ్చించిన తర్వాత, కొనాలనుకునేవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. అమ్మినవారి పేర్లు రాయడం లేదు. ఒక్కొక్క కొనుగోలును బట్టి వ్యాపారిని తూచడం సరికాదని నా అభిప్రాయం, పైగా నేను చెప్పబోయే లోపాలు ఆ ఇద్దరికే పరిమితమైనవి కావు.

ముందు రోమన్ పొట్లం సంగతి. ఇలాంటి పొట్లాల్లో వచ్చేవి చాలావరకు క్రీ.శ. 4వ శతాబ్దపు చిల్లర నాణేలే. కాన్‌స్టంటైన్ చక్రవర్తి, అతని కొడుకులు, ఆ తర్వాత వచ్చిన వాలెంటీనియన్, వాలెన్స్ అన్నదమ్ములు, వీరందరి కాలంలోనూ రోమన్ టంకశాలలు ఈ కంచు చిల్లరను లెక్కకు మించి ముద్రించాయి. డాన్యూబ్ నది పొడవునా నేటి బల్గేరియా, సెర్బియా పొలాల్లో అవి విరివిగా దొరుకుతాయి కనుక, మంచివాటిని ఏరుకోగా మిగిలినవి గుత్తగా దేశదేశాలకూ తిరుగుతుంటాయి. ‘ఏరుకోగా మిగిలినవి’ అన్న మాటను కొనేవారు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నాకు అమ్మిన ఆయన ప్రకటనలో ‘ఎవరి చెయ్యీ పడని సరుకు’ అని రాసుకున్నాడు. కడగకపోవడం వేరు, వెతకకపోవడం వేరు. వెండివి, పెద్దవి, ముఖం స్పష్టంగా కనిపించేవి మొదటి చేతిలోనే ఆగిపోతాయి. రెండవ చేతిలో మరికొన్ని ఆగుతాయి. మన దాకా వచ్చేది కల్లంలో తూర్పారబట్టాక మిగిలిన తాలు. తాలులోనూ నాలుగు గింజలు ఉంటాయన్నది నిజమే కానీ, రూ.140 ధర గింజల ధర, తాలు ధర కాదు.

ఫోనులో ఆయన చెప్పిన ఇంకొక మాటను కూడా ఇక్కడే ప్రస్తావించాలి. నాది నల్లగొండ అని తెలియగానే, ‘మీ కృష్ణ ఒడ్డున దొరికేవి కూడా ఈ రకమే సార్’ అన్నాడు. మన నేలకు రోమన్ నాణెం కొత్త కాదన్నది వాస్తవమే. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలో అగస్టస్, టిబెరియస్ చక్రవర్తుల డెనారియస్ అనే వెండి నాణేలు 1,500కు పైగా ఒకే నిక్షేపంగా బయటపడ్డాయి; గూటిపర్తిలోను, పాలమూరు వైపు వీపనగండ్లలోను రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అయితే అవి వర్తకం కోసం ఓడలెక్కి వచ్చిన వెండి బంగారాలు. ఈ పొట్లంలోనివి రోమన్ సైనికుడు రొట్టె కొనుక్కోవడానికి వాడిన కంచు చిల్లర. అలాంటి చివరి కాలపు రోమన్ చిల్లర మన దేశంలో కనిపించేది ముఖ్యంగా తమిళనాడులో, కరూరు, మదురై వంటి చోట్ల. కనుక కృష్ణ ఒడ్డు కథకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వవలసిన పని లేదు.

పొట్లం విప్పిన రోజునే ఒక చేదు నిజం తెలిసింది. నాణేలన్నీ ఒకే రంగు గోధుమ మట్టితో ఉన్నాయి. శతాబ్దాల పాటు భూమిలో ఉన్న మట్టి లోహపు చిలుముతో కలిసిపోయి రాయిలా గట్టిపడుతుంది. నీళ్లలో వేసిన వెంటనే కరగదు. రెండు నాణేల మీది మట్టి మాత్రం గిన్నెలో వేసిన నిమిషంలోనే బంకమట్టి ముద్దలా విడిపోయింది. దాని కింద బయటపడినవి అచ్చు పోసిన నకిలీలు. రెండూ ఒకే బొమ్మ, ఒకే చోట ఒకే గాటు, అంచు చుట్టూ అచ్చు రెండు ముక్కలు కలిసిన గీత. అసలు నాణేలు అచ్చులో పోసినవి కావు, రెండు ముద్రల మధ్య లోహపు బిళ్లను పెట్టి సుత్తితో కొట్టినవి, కాబట్టి అంచున అలాంటి గీత ఉండే అవకాశమే లేదు. ఫొటోలు తీసి పంపితే, ‘లాట్ ఎలా ఉంటే అలాగే, వాపసు లేదు’ అని ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. ఆ షరతు ప్రకటనలో ముందే ఉందన్న మాట వాస్తవం, దాన్ని పట్టించుకోకపోవడం నా పొరపాటు. కానీ వాపసు లేదన్న షరతు నకిలీని అమ్మడానికి కూడా వర్తిస్తుందని నేను ఒప్పుకోలేను.

ఇక శుభ్రం చేయడం. సరుకు ఎంత ముఖ్యమో ఈ పనీ అంతే ముఖ్యం కాబట్టి దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. నల్లగొండ నీళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్‌తో పాటు బోరు నీళ్లలో ఉప్పు లవణాలు కూడా ఎక్కువే. రాగి, కంచులకు అన్నింటికన్నా పెద్ద శత్రువు ఆ ఉప్పులోని క్లోరైడ్. కాబట్టి నాణేలను నానబెట్టడానికి బోరు నీళ్లు పనికిరావు. ప్లాంటు నుంచి తెచ్చుకునే తాగునీళ్లు కూడా నమ్మదగినవి కావు. ఇన్వర్టర్ల దుకాణంలో దొరికే, లవణాలు తీసేసిన బ్యాటరీ వాటర్ డబ్బా ఒకటి తెచ్చుకొని, నాణేలను ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, మునిగేదాకా ఆ నీళ్లు పోసి, రెండు మూడు రోజులకొకసారి మారుస్తూ వచ్చాను. మొదటి వారం నీళ్లు బురద రంగులోను, ఆ తర్వాత లేత పచ్చగాను దిగాయి. ఆరో వారానికి గానీ పైపొర మెత్తబడలేదు. అప్పుడు మెత్తని పళ్ల బ్రష్షుతో తోమి, అక్షరాల సందుల్లో మిగిలిన మట్టిని తుమ్మముల్లుతో గీకి తీశాను. సూది అయితే లోహాన్ని గీస్తుంది. ముల్లు మట్టిని లేపుతుంది, లోహం తగిలితే తానే విరుగుతుంది. ఇందుకోసం విదేశాల్లో ప్రత్యేకంగా పనిముట్లు అమ్ముతారు. మా ఇంటి వెనక తుమ్మచెట్టు ఉండగా నాకు వాటి అవసరం కలగలేదు.

ఈ ఓపిక నాకు మొదటి రోజు నుంచీ ఉందని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. డబ్బాలో నానుతున్న నాణేలను మూడు రోజులు చూసి, మా అమ్మ, ‘ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి తోమరాదురా, ఒక్క నిమిషంల తళతళలాడ్తయ్ గద’ అన్నది. నేను మూడు నాణేలు తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె అన్నంత పనీ చేసింది. ఒక్క నిమిషంలోనే మూడు నాణేలూ కొత్త రాగి తీగలా గులాబి రంగుకు వచ్చాయి, వాటి మీది ముఖాలూ అక్షరాలూ చిలుముతో పాటే పోయాయి. పదహారు శతాబ్దాల నాణెం మీద బొమ్మ నిలిచి ఉండేది చాలాసార్లు లోహంలో కాదు, లోహం మీద గట్టిపడిన ఆ చిలుము పొరలోనే. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ వంటి పులుపు ఏదైనా ముందు ఆ పొరనే తినేస్తుంది. ఇత్తడి సామాను తోమే పొడులదీ అదే పని. ఫోను ఛార్జరుతో, ఉప్పునీళ్లతో కరెంటు పెట్టి శుభ్రం చేసే పద్ధతిని చాలామంది సిఫారసు చేస్తారు. అది చింతపండు కన్నా వేగంగా అదే పని చేస్తుంది. ఆలివ్ నూనెలో నెలల తరబడి నానబెట్టే పాత పద్ధతి కొంత మేలే గానీ, ఆ నూనెలోని ఆమ్లం కూడా నెమ్మదిగా చిలుమును తింటుంది కనుక నేను దాని జోలికి పోలేదు.

యాభైలో రెండు నకిలీలు, మూడు చింతపండు పాలు పోగా మిగిలిన 45 నాణేల లెక్క ఇది. తొమ్మిది పూర్తిగా అరిగిన బిళ్లలు, వాటిపై ఏ గుర్తూ లేదు. పదిహేనింటికి వెనక బొమ్మ తెలిసింది గానీ ఏ చక్రవర్తివో తేలలేదు. మిగిలిన ఇరవై ఒక్కటి చదవగలిగినవి. వాటిలో ఎక్కువ భాగం ‘గ్లోరియా ఎక్సర్సిటస్’ రకం. సైన్యపు కీర్తి అని ఆ మాటకు అర్థం, ఇద్దరు సైనికులు నడుమ జెండా కర్రతో నిలబడి ఉంటారు. ఇవి 330 తర్వాత దశాబ్దంలో ముద్రించినవి. మొదట్లో సైనికుల నడుమ రెండు జెండాలు ఉండేవి, తర్వాత నాణెం బరువు తగ్గించినప్పుడు ఒక్క జెండానే మిగిల్చారు. బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టి చూస్తే ఆ తేడా నిజంగానే కనిపించింది. రెండు జెండాలది రెండున్నర గ్రాములకు దగ్గరగా, ఒక్క జెండాది గ్రామున్నర. ధరల పెరుగుదల గురించి నేను చదివిన పాఠాలన్నింటి కన్నా ఈ తూకం నాకు బాగా అర్థమైంది.

పొట్లం మొత్తానికి విలువ తెచ్చిన నాణెం ఒక్కటే. గోరంత బిళ్ల మీద ఒకవైపు శిరస్త్రాణం ధరించిన స్త్రీమూర్తిగా రోమ్ నగరం, మరోవైపు కవలలకు పాలిస్తున్న తోడేలు, దాని పైన రెండు నక్షత్రాలు. కింద అంచున ‘ఎస్‌ ఎం టి ఎస్‌’ అనే నాలుగు అక్షరాలు తుమ్మముల్లు కొస కింద ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. అంటే అది థెస్సలొనీకా టంకశాలలో తయారైనది. గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి కొనుక్కున్నందుకు ఆ సాయంత్రం నాకు సంతోషం కలిగింది. విడిగా కొంటే ఈ రకం ఇంతకన్నా మంచి స్థితిలో పొట్లం ధరలో నాలుగోవంతుకే దొరుకుతుందని తర్వాత తెలిసింది. కనుక డబ్బు లెక్క చూసుకునేవారికి నా సలహా స్పష్టం: నాణెం కావాలంటే నాణెం కొనుక్కోండి, పొట్లం కొనకండి.

వానాకాలం మొదలయ్యాక నాలుగు నాణేల మీద లేత పచ్చని పొడి పుట్టింది. గట్టిగా ముదురుగా ఉండే మామూలు చిలుముకు భిన్నంగా ఇది మెత్తగా, గోటితో గీకితే రాలేలా ఉంటుంది. లోపల చిక్కిన క్లోరైడ్ గాలిలోని తేమతో కలిసి కంచును తినడం వల్ల ఇది వస్తుంది, ఒకదాని పొడి పక్కదాని మీద పడనీయకూడదు. బట్టల సోడా, తినే సోడా కలిపిన నీళ్లలో వాటిని విడిగా వారాల పాటు నానబెడితే ఉధృతి తగ్గింది గానీ, ఒకటి మాత్రం ఇంకా పొడి విడుస్తూనే ఉంది. అమ్మేవారు ఎవరూ ముందుగా చెప్పని ఖర్చు ఇదే.

ఇప్పుడు రాగి సంచి. ఈ సంచి నాకు ఎక్కువ నచ్చిందని ముందే ఒప్పుకుంటున్నాను, అందుకు పక్షపాతం కొంత కారణం కావచ్చు. కిలోకు 94 నాణేలు వచ్చాయి. ఇవి భూమి నుంచి నేరుగా వచ్చినవి కావు. పాత లోహపు సామాన్లు కొనేవారి దగ్గర పోగుపడి, కరిగించే కొలిమికి పోకుండా ఎవరో ఆపినవి. అందువల్ల వీటి మీద మట్టి తక్కువ, చేతి జిడ్డూ మసీ ఎక్కువ. రెండింటికి మెడలో వేసుకోవడానికి అతికించిన కొక్కెం గుర్తు కూడా ఉంది. బ్యాటరీ వాటర్‌లో పది రోజులు నానబెట్టి తోమితే చాలావరకు వదిలిపోయింది. చదవడమే కష్టం. దక్కను రాగి నాణేలకు వాడిన ముద్ర, బిళ్ల కన్నా పెద్దది. కొట్టినప్పుడు రాతలో మూడో వంతో సగమో మాత్రమే బిళ్ల మీద పడేది. అందుకని బాగా ఉన్న నాణెం మీద కూడా పూర్తి వాక్యం దొరకదు.

ఇక్కడ మా వీధిలో ఉండే విశ్రాంత ఉర్దూ మీడియం ఉపాధ్యాయులు ఒకరు లేకపోతే ఈ సంచి నాకు వట్టి రాగిగానే మిగిలేది. ఆయన్ని మేమంతా సాబ్ అనే పిలుస్తాం. ‘ఒక్క పైసా మీద పూరా పేరు దొరకదు బేటా, నాలుగు పైసలు పక్కపక్కన పెట్టి జమ చేసుకోవాలె’ అని చెప్పి, నిజంగానే అలాగే చదివించారు. ఒకే రకపు నాణేలు అరడజను ఉంటేనే ఈ పని సాధ్యమవుతుంది. గుత్తగా కొనడానికి నాకు కనిపించిన అసలైన కారణం ఇదొక్కటే. అలా తేలిన లెక్క: నిజాముల కాలపు చేతిముద్ర పైసలు 38, బహమనీలవి 27, కుతుబ్ షాహీలవి 11, మైసూరు ఏనుగు పైసలు మూడు, 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణాలు మూడు. మిగిలిన 12 ఇంకా తేలలేదు.

కుతుబ్ షాహీ నాణేల్లో ఐదు అబ్దుల్లా కుతుబ్ షావి. వాటి మీద హిజ్రీ 1068, అంటే 1657-58 నాటి ప్రసిద్ధమైన రాత ముక్కలు ముక్కలుగా ఉంది: ‘ఖత్మ్ బిల్ ఖైర్ వస్సాదత్’, శుభంతోను సౌభాగ్యంతోను ముగిసింది అని. రెండేళ్ల ముందే ఔరంగజేబు సేన గోల్కొండ దాకా వచ్చి, కప్పం మాట పుచ్చుకొని వెళ్లింది. ఆ తర్వాత ఒక రాజు తన చిల్లర నాణెం మీద ఇలాంటి మాట వేయించుకోవడం చదివి సాబ్ చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. నిజాం పైసల మీద కనిపించే 92 అనే అంకె సంగతి కూడా ఆయన చెప్పిందే. ఒక్కొక్క అరబ్బీ అక్షరానికి ఒక్కొక్క అంకె కట్టే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ పేరుకు వచ్చే మొత్తం అది. 1857 దాకా నిజాములు మొఘల్ చక్రవర్తి పేరుతోనే నాణేలు వేయించారు కనుక, 92 కనిపిస్తే ఆ పైసా ఆ తర్వాతిదని సులువుగా తేల్చుకోవచ్చు. గద్వాల సంస్థానానికీ, నారాయణపేటకూ సొంత టంకశాలలు ఉండేవి. నారాయణపేట నాణేల మీద ఊరి పేరు దిల్‌షాదాబాద్ అని ఉంటుంది. ఈ కిలోలో అలాంటిది ఒక్కటైనా ఉండాలని మా బావ పట్టుబట్టి రెండుసార్లు సంచి గాలించాడు గానీ, దొరకలేదు. మనం రోజూ అనే డబ్బు అన్న మాట కూడా ఒకప్పుడు ఇలాంటి రాగి నాణేనికే పేరు. చేతిలోకి పదకొండు గ్రాముల ఆ బిళ్లను తీసుకున్నప్పుడు ఆ మాటకు బరువు వచ్చినట్టు నాకు అనిపించింది.

రాగి సంచి అమ్మిన ఆయన రశీదు ఇచ్చాడు, అందులో తన లైసెన్సు సంఖ్య ఉంది. ఇది చిన్న విషయం కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. వాటిని అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. రోమన్ పొట్లంతో పాటు నాకు వచ్చింది చేతిరాత చీటీ మాత్రమే. అంతకన్నా ఆందోళన కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ ఆరు నెలల్లో నేను నాణేలు కొంటానని తెలిసి, ఒక మధ్యవర్తి సీసపు నాణేలు గుప్పెడు తెచ్చి చూపించాడు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు అనే, నాలుగు కొసలా సున్నాలున్న కూడిక గుర్తు, మట్టి ఇంకా పచ్చిగా ఉంది. 2024 మార్చిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒక కుండలో దొరికిన 3,730 సీసపు నాణేల బొమ్మలు అవే; అవి శాతవాహనుల తర్వాత కృష్ణా తీరాన్ని ఏలిన ఇక్ష్వాకులవి. ఎక్కడివని అడిగితే పొలంలో దొరికాయన్నాడు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. గుప్తనిధుల పేరిట గుళ్లూ గుట్టలూ తవ్వే మన ప్రాంతంలో తాజా మట్టితో వచ్చే నాణేన్ని ఎంత చవకైనా ముట్టకూడదని నేను వెనక్కి పంపేశాను. పైగా ఇంట్లో శుభ్రం చేసుకోవడానికి సీసం ఏ మాత్రం తగినది కాదు. దాని పొడి విషం, అది చెక్కపెట్టెలో ఉంచితేనే తెల్లగా పుచ్చిపోతుంది. ఫణిగిరి నాణెం ఒక కుండలో మరో నాణెం పక్కన ఉన్నప్పుడే ఏదైనా చెబుతుంది. నా వరండాలో అది చెప్పేది ఏమీ ఉండదు.

ధరకు తగిన విలువ అన్న లెక్కన రోమన్ పొట్లానికి ఐదులో రెండు మార్కులు, రాగి సంచికి నాలుగు ఇస్తాను. నాణేనికి రూ.50, 60కి మించకుండా, నకిలీ వస్తే తిరిగి తీసుకుంటానని రాతపూర్వకంగా ఒప్పుకునే వ్యాపారి దొరికితే రోమన్ పొట్లం కూడా పిల్లలకు లాటిన్ అక్షరాలూ భూగోళమూ నేర్పడానికి మంచి సాధనమే. మొదటిసారి కొనేవారు పది నాణేలకు మించి తీసుకోవద్దు. కొనే ముందు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నాణేలను ఒక పూట చూసి వస్తే, అసలు నాణెం అంచు ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది. నాణేలను దాచుకోవడానికి మెత్తని పీవీసీ కవర్లు వాడకండి. వాటి నుంచి దిగే పచ్చని జిగురు చింతపండుకు తీసిపోదు. కాగితపు కవర్లలో విడివిడిగా పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం ఒకటి వేస్తే చాలు.

రాగి సంచిలో తేలని ఆ 12 నాణేలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. నిన్న సాయంత్రం మార్చిన నీళ్లు ఈ ఉదయానికి మళ్లీ లేత పచ్చగా దిగాయి. సాబ్ ఆదివారం వస్తానన్నారు.